మామిడిపండు వెంట దిగిన చీమలు

వేసవిలో గుర్రాల వాగును చూస్తే వాగని ఎవరూ అనుకోరు. అంతా ఇసుక, మధ్యలో ఒక చిన్న మడుగు, దాని పక్కన రెల్లు పొద. ఆ ఏడు మృగశిర కార్తె వచ్చినా మబ్బు తునక లేదు. ఒడ్డున ఒక తీతువు పిట్ట మాత్రం గుడ్లు ఎక్కడ పెట్టాలో తేలక అటూ ఇటూ తిరుగుతోంది.

తీతువులు చెట్టు మీద గూడు కట్టవు. నేల మీదే గులకరాళ్ల మధ్య గుడ్లు పెట్టేస్తాయి. వానలు లేని ఏడు వాగులో పెడితే మేలు, మడుగులో పొట్ట తడుపుకొచ్చి గుడ్లను చల్లబరచవచ్చు. వానల ఏడు ఒడ్డు పైనున్న దిబ్బ మీదే పెట్టాలి. ఏ ఏడు ఎలాంటిదో తేల్చుకోవడానికి ముందుగా చీమల్ని చూడటం వాటి ఇంటి ఆనవాయితీ: అవి వాగులోకి దిగితే కరువు, దిబ్బెక్కితే వాన.

పోయినేడు మన తీతువుకి అదంతా చాదస్తంగా తోచింది. చీమల ముఖమైనా చూడకుండా దిబ్బ మీద పెట్టింది. చుక్క వాన పడలేదు. మడుగు నుంచి దిబ్బకి తిరిగీ తిరిగీ రెక్కలు పడిపోయాయి గానీ ఒక్క గుడ్డూ దక్కలేదు. ఆ దుఃఖం ఇంకా కడుపులో ఉండగానే నక్క వచ్చి పలకరించింది.

"ఏం వదినా, ఇంకా తేల్చుకోలేదా? ఇది కరువేడు. హాయిగా వాగులోకి దిగు."

"రెల్లు పొద చాటున నువ్వుంటావుగా మరిదీ. దిబ్బ మీదైతే నీ చెవి కొస కనబడినా అరిచి గోల చేస్తాను."

"నేనా? ఈ పూటే కొండకి పోతున్నా, మా మామగారింటికి. పోయినేడు నీ గుడ్లు మురిగిపోతే నా కడుపు తరుక్కుపోయింది. ఆ తరవాత నీ ఇష్టం."

"నా ఇష్టం కాదు. చీమల్ని చూడాలి."

నక్క నవ్వి, "చూడు చూడు. మీ ఇంటి పద్ధతి నాకు తెలియనిదా!" అని వెళ్లిపోయింది.

మర్నాడు పొద్దున్నే తీతువు చూస్తే చీమలు బారులు తీరి వాగులోకి దిగుతున్నాయి. దాని ప్రాణం లేచొచ్చింది. ఎగురుతూ దిగుతూ వాటి వెంటే పోయింది. బారు చివర, ఇసుకలో, మాగిన మామిడిపండు ఒకటి ఉంది. ఈ ఇసుకలో మామిడిచెట్టు ఎక్కడిది? దగ్గరగా చూస్తే తొక్క మీద పంటి గాట్లు. మెల్లగా వెనక్కి తిరిగింది. ఒడ్డు దగ్గర ఒక ముసలి చీమ తెల్లటి గుడ్డును నోట కరుచుకుని ఆయాసపడుతూ పైకెక్కుతోంది.

"అవ్వా, మీ వాళ్లంతా కిందికి పోతుంటే నువ్వు పైకెక్కుతున్నావేం?"

చీమ గుడ్డును పక్కన పెట్టి ఊపిరి పీల్చుకుంది. "వాళ్లు తిండికి పోతున్నారమ్మా, మళ్లీ వచ్చేస్తారు. పిల్లల్ని మాత్రం దిబ్బకి చేరుస్తున్నాం. మీ అమ్మ మా నోళ్లకేసి చూసేది. నువ్వు మా కాళ్లకేసి చూస్తున్నావు."

తీతువుకి సిగ్గేసింది, ఆ వెంటనే ఒళ్లు మండింది. మడుగు దగ్గరికి పోయి రెల్లు పొదకి వినబడేలా గట్టిగా అంది: "ఇంతకంటే మంచి చోటు దొరకదు. చీమలే దిగాక నాకేం భయం! గుడ్లు ఇక్కడే పెడతాను."

పొదలో ఏదో కదిలింది. తీతువు మాత్రం సద్దు చేయకుండా దిబ్బెక్కి, అక్కడే గుడ్లు పెట్టి కూర్చుంది.

నక్క పొద వదలలేదు. తాను అటు పోగానే తీతువు గుడ్లు పెట్టి పొదిగేస్తుందేమోనని ఆకలితోనే కాచుకుంది. ఒక మధ్యాహ్నం కొండల వైపు ఆకాశం నల్లబడింది. ఇక్కడ ఎండ కాస్తూనే ఉంది గానీ, వాగు పైనుంచి హోరు వినిపించింది. ఎంత కోపమున్నా తీతువు మనసు ఆగలేదు. గాల్లోకి లేచి గొంతు చించుకుని అరిచింది.

"మరిదీ, వాగొస్తోంది! పైకి రా!"

"నీ కూత అపశకునమని భయపడేది ఊళ్లో మనుషులు వదినా, నేను కాదు!" అంది పొదలోంచి నక్క. "నన్ను లేవగొట్టి గుడ్లు దాచుకుందామనేగా?"

దాని మాట పూర్తయ్యేలోగా ఎర్రనీళ్లు మడుగునీ రెల్లునీ కలిపి లాక్కుపోయాయి.

వరద తీసి, గుడ్లు పిల్లలయ్యాక, నక్క కుంటుకుంటూ తిరిగొచ్చింది. తీతువు అరుపు వినగానే పిల్లలు రాళ్ల మధ్య ఎక్కడివక్కడ కదలకుండా అతుక్కుపోయాయి.

"చీమలు కిందికే దిగాయి వదినా. నా కళ్లతో చూశాను," అంది నక్క ఉక్రోషంగా.

"తిండికి దిగాయి మరిదీ. వాటి పిల్లల్ని ఎటు తీసుకుపోయాయో నువ్వు చూడలేదు."

చీమల దారిని మళ్లించడం ఎవరికైనా చేతనవుతుంది గానీ, రావలసిన వానను మళ్లించడం ఎవరి తరమూ కాదు.