ఇసుకమెట్ట ఓనరు గవర్రాజు

సముద్రానికి దగ్గర్లో ఓ సరుగుడు తోట. ఆ తోటలో ఇసుకమెట్ట, మెట్టనిండా కుందేళ్ళ బొరియలు. అంచున ఒక్క బొరియ మాత్రం గవర్రాజు అనే నక్కది. పరుగులో కుందేళ్ళు ఎలాగూ అందవు, కాలవలో పీతలకి లోటు లేదు. అంచేత ఇరుగుపొరుగు వరసలతో మర్యాదగానే గడిచిపోయేది.

ఓ వానాకాలం గ్యాసు కోసం తోట పక్కన రిగ్గు వేశారు. లారీలొచ్చాయి, జనం వచ్చారు, వాళ్ళకో వంటశాల వెలిసింది. ఆ వాసనకి నాలుగూళ్ళ కుక్కలూ దిగాయి. తిండికి కొదవ లేదు గానీ తల దాచుకోను చోటు లేక వానలో వణుకుతున్నాయి. వాటిని చూడగానే గవర్రాజు బుర్ర చకచకా పనిచేసింది. నేరుగా పెద్ద కుందేలు సూరమ్మ దగ్గరికి పోయాడు.

"అత్తా, కింద గ్యాసుంటే పైన నేల ఉబ్బుతుందంట. ఏ పూటైనా మెట్ట పేలిపోవచ్చు. పిల్లలుగలదానివి, కాలవ దాటెళ్ళిపో."

"మరి నువ్వో, అబ్బాయ్?"

"ఒంటిగాణ్ణి. పోతే నేనొక్కణ్ణే కదా. మీ కొంపలకి కాపలా ఉంటాలే."

వాడి మంచితనానికి సూరమ్మ కళ్ళు తుడుచుకుంది. కుందేళ్ళన్నీ పిల్లల్ని వెంటేసుకుని అవతలి జీడిమామిడి తోటకి పోయాయి.

తెల్లారేసరికి బొరియలన్నిట్లో కుక్కలు దిగాయి. బొరియకి రోజుకో బొమిక అద్దె. "ఓనరుగారూ" అని కుక్కలు పిలుస్తుంటే గవర్రాజుకి ఒళ్ళు పులకరించేది. పీతల వేట మానేశాడు, బొజ్జ పెంచాడు. చివరికి తన బొరియ కూడా కుక్కల పెద్ద టైగర్ బావమరిదికి ఇచ్చేసి, గాలి బాగుందని మెట్టమీదే పడుకోసాగాడు.

ఎంత తవ్వినా గ్యాసు పడలేదు. రిగ్గు విప్పేశారు, వంటశాల ఎత్తేశారు. అయినా గవర్రాజు అలవాటు కొద్దీ అద్దెకి బయల్దేరాడు.

"ఏం టైగరూ, బొమికలు రాలేదేం?"

ఆకలితో ఉన్న టైగర్ వాడి బొజ్జకేసి చూశాడు. "ఇన్నాళ్ళున్నాం గానీ, మమ్మల్ని ఒక్కపూటైనా భోజనానికి పిలిచారా ఓనరుగారూ?"

ఆ 'గారూ'కి గవర్రాజు వెన్ను జలదరించింది. దూరదామని చూస్తే ప్రతి బొరియలోంచీ ఒక కుక్క మొహమే. కాలవలో దూకాడు. ప్రాణం దక్కింది గానీ తోక సగమే మిగిలింది.

పొరుగూళ్ళో రిగ్గు వేశారని తెలిసి కుక్కలన్నీ అటు పోయాయి. మెట్టంతా ఇప్పుడు గవర్రాజుదే. మాట్లాడే ప్రాణి లేదు. సిగ్గు చంపుకుని కాలవ గట్టున నిలబడి పిలిచాడు.

"అత్తా, వచ్చేయండి. భయమేం లేదు!"

"పిల్లలు ఇక్కడ అలవాటు పడిపోయారు అబ్బాయ్," అంది సూరమ్మ అవతలి నుంచి, నిజంగానే జాలిపడుతూ. "ఒక్కడివీ అంత ఇల్లు ఎలా ఊడ్చుకుంటున్నావో!"

పోయేవాళ్ళ కోసం ఉండేవాళ్ళని సాగనంపితే, మిగిలేది ఖాళీ బొరియలే.