బల్లకట్టు మినహా

శార్వరి నామ సంవత్సరం, రోహిణి కార్తె. నల్లేరు అనే ఏరు ఎండి మోకాటి లోతుకు దిగింది. ఆ ఎండల్లో జరిగిన సంగతి ఇది.

ఒకానొక రాజ్యంలో అని ఊరుకుంటే సగమే చెప్పినట్టు. ఆ రాజ్యం లోపల ఇంకో చిన్న రాజ్యం ఉండేది. దాని పేరు పొదలసీమ. దూరాన ఉన్న చక్రవర్తి ఒకనాడు, "మీ బావిలో బొక్కెన తెగిందో లేదో ఇక్కడి నుంచి నాకేం కనిపిస్తుంది? మీ పనులు మీరే చూసుకోండి" అని ఆ సీమకు సొంత ఏలుబడి ఇచ్చాడు. కోటలు, సైన్యం, నాణేలు చక్రవర్తివి. బావులు, బడులు, రేవులు, దారులు, వైద్యశాలలు సీమవి. ఏలడానికి కీర్తిధరరాయలు, ఆయన్ను అడగడానికి ఒక సభ. పున్నమి పున్నమికి ఊరికొకరు వచ్చి పీటల మీద కూర్చుంటారు. లేచి ఏదైనా అడగొచ్చు. రాయలవారు సింహాసనం మీద నుంచి జవాబు చెప్పి తీరాలి.

చెప్పి తీరాలన్నారు గానీ, ఏం చెప్పాలో ఎవరూ అనలేదు. రాయలవారికి ఆ సందు చాలింది.

మంచి జరిగితే, "అది మా ఏలుబడి చలవ" అనేవారు. చెడు జరిగితే, "అది మా చేతిలో లేదు, చక్రవర్తి గారిది" అనేవారు. వానలు బాగా కురిసిన ఏడు, మబ్బుల్ని తానే పిలిపించినట్టు ఏనుగెక్కి ఊరేగారు. మరుసటి ఏడు చినుకు రాలకపోతే, మబ్బులు చక్రవర్తి గారి అధీనంలోవని చల్లగా చెప్పారు.

ఆ సభలో అడ్డరేవు తరఫున కూర్చునేది సింగప్ప. అరవై దాటినవాడు. పట్టుకుంటే వదలడని పేరు. అడ్డరేవు నల్లేటికి అవతల ఉంది, వైద్యశాల ఇవతల ఉంది. మధ్యన దాటించడానికి ఒక బల్లకట్టు ఉండేది. రెండు దోనెలు జతచేసి పైన పలకలు కొట్టి, మోకు పట్టుకుని లాగుతూ జనాన్ని, బండ్లను దాటించేవారు. రెండేళ్ళ కిందటి వరదలో అది కొట్టుకుపోయింది. కొత్తది కట్టుకుందామంటే పెద్ద దుంగలు కావాలి. దుంగలున్న అడవి రాయలవారిది. ఆయన సెలవు లేకుండా కొమ్మ విరిచినా నేరమే.

పోయిన వానాకాలం కమ్మరి ఓబులు కోడలు పురిటి నొప్పులతో ఆ ఒడ్డున కూర్చుంది. ఏటి వరద తీసేదాకా కూర్చుంది. తల్లి దక్కింది, బిడ్డ దక్కలేదు. ఈ ఏడు శ్రావణంలో సింగప్ప మనవరాలు చెంగమ్మకు నెలలు నిండుతాయి.

"తాతా, నువ్వేం దిగులు పడకు. ఏరు పొంగితే గేదె తోక పట్టుకుని ఈదుతా" అంది చెంగమ్మ, అప్పటికే వంగి చెంబు తీసుకోలేక ఆపసోపాలు పడుతూ.

"గేదె ఒప్పుకోవాలి కదా తల్లీ" అన్నాడు సింగప్ప. నవ్వాడు గానీ ఆ పూట అన్నం సహించలేదు.

అంతకు నాలుగు నెలల ముందే, మాఘ పున్నమికి సభలో లేచి అడిగాడు. "ఏలినవారికి విన్నపం. మా రేవుకు బల్లకట్టు ఎప్పుడు వస్తుంది?"

రాయలవారు మీసం సవరించుకున్నారు. "రేవు మాదే సింగప్పా. కాదనం. కానీ బల్లకట్టు రేవులో ఉంటుందా, ఏట్లో ఉంటుందా?"

"ఏట్లోనే తేలుతుంది ప్రభూ."

"ఏరు ఎక్కడికి పోతుంది?"

"కిందికి. చక్రవర్తి గారి పొలాల్లోకి."

"కనుక ఏరు చక్రవర్తి గారిది. ఏట్లో తేలేది కూడా ఆయనదే. ఆయన్నే అడుగు."

సభలో సగం మంది తలలూపారు. సింగప్ప నాలుగు రోజుల దారి నడిచి, చక్రవర్తి గారి ఠాణాకు పోయి అడిగాడు. అక్కడి అధికారి తమలపాకు నములుతూ, "పెద్దాయనా, రేవులు మీ సీమకు ఇచ్చేశాం కదా, ఇంకా మమ్మల్నెందుకు పీడిస్తావు?" అన్నాడు.

చైత్ర పున్నమికి మళ్ళీ లేచాడు. ఈసారి మంత్రి ఉద్దండయ్య జవాబు అందుకున్నాడు. "విషయం పరిశీలనలో ఉంది."

"ఎవరి పరిశీలనలో బాబూ?"

"అదే పరిశీలిస్తున్నాం."

వైశాఖంలో అడిగితే, అడిగిందే అడుగుతున్నాడని జనం నవ్వారు. సింగప్ప సత్రానికి వచ్చి అరుగు మీద చతికిలబడ్డాడు. పక్కనే నరసన్న మజ్జిగ తాగుతున్నాడు. రాయలవారు సభలో అడుగుపెట్టేటప్పుడు గొంతెత్తి బిరుదులు చదివే వంది అతను. గొంతు కాపాడుకోవాలి కాబట్టి రోజంతా మజ్జిగే తాగుతాడు.

"నరసన్నా, పొద్దున నువ్వు చదివావే, సర్వభార ధురంధర అని. అంటే ఏమిటి?"

"సీమ బరువంతా ఒక్క భుజాన మోసేవాడని, పెద్దయ్యా."

"అంతానా?"

"సర్వ అంటే అంతా అనే కదా! వచ్చే పున్నమికి ఆ బిరుదుకు తగ్గ వెండి గొడుగు కూడా వస్తోంది. చక్రవర్తి గారి రాయబారి స్వయంగా తెస్తున్నాడు. మావారు ఇప్పటి నుంచే అద్దం ముందు గొడుగు కింద నడక నేర్చుకుంటున్నారు."

"మోయనిది మోస్తున్నట్టు చదివితే తప్పు కాదూ?"

నరసన్న చెంబు కింద పెట్టాడు. "మహా తప్పు. అందుకే మా తాతల నాటి నుంచి ఒక కట్టు ఉంది. సింహాసనం మీద నుంచి ఏలిక తన గురించి ఏం చెప్పినా బిరుదులో కలిపి చదవాలి. అప్పటికప్పుడు, ఉన్నదున్నట్టు. తొలి ఏడు మావారు మాటవరసకు, దోసకాయ పప్పంటే మాకు ప్రాణం అన్నారు. ఇక చూడు. రణరంగ భైరవ, శత్రు భయంకర, దోసకాయ పప్పు ప్రియ! ఊరి పిల్లలంతా నేర్చుకున్నారు. చివరికి ఆయనే గద్దె మీద నుంచి, మాకు ఇప్పుడు దోసకాయ గిట్టదు అని ప్రకటించుకుని బయటపడ్డారు. పాపం, ఈనాటికీ వంటింట్లో తలుపు వేసుకుని తింటారు."

సింగప్ప నవ్వలేదు. నరసన్న కింద పెట్టిన మజ్జిగ చెంబు అందుకుని గటగటా తాగేశాడు. దారి పొడుగునా ఆ కట్టు మాటే నెమరేసుకుంటూ ఊరికి నడిచాడు.

జ్యేష్ఠ పున్నమి వచ్చింది. సభామండపం నిండిపోయింది. రాయబారి పెద్దాసనం మీద కూర్చున్నాడు. ఆయన పక్కన వెండి గొడుగు, పట్టు గలీబు తొడిగి నిలబెట్టారు. రాయలవారు వస్తుంటే నరసన్న గొంతెత్తాడు.

"రణరంగ భైరవ! శత్రు భయంకర! పొదలసీమా సర్వభార ధురంధర!"

రాయలవారు కూర్చున్నారు. చూపంతా గొడుగు మీదే ఉంది. అప్పుడు సింగప్ప లేచాడు.

"మళ్ళీ బల్లకట్టేనా?" అని వెనక నుంచి ఎవరో అన్నారు. నవ్వులు.

"బల్లకట్టు సంగతి కాదు బాబులూ. బిరుదులో ఒక తప్పు దొర్లింది. అది చెబుదామని."

నవ్వులు ఆగిపోయాయి. ఉద్దండయ్య గబగబా ముందుకొచ్చాడు.

"పెద్దాయనా, ఆలోచించే లేచావా? సభలో ఏలిక బిరుదు మీద తొలుత మాట ఎత్తినవాడు తన పీట వదులుకోవాలి. మాట నెగ్గినా అంతే, నెగ్గకపోయినా అంతే. చక్రవర్తి గారు సభ ఇచ్చిననాడే పెట్టిన షరతు ఇది."

సింగప్ప తన పీట వైపు చూశాడు. వాళ్ళ నాన్న కూర్చున్న పీట. ఒక కోడు పొట్టిదై కాస్త ఊగుతుంది. ముప్పై ఏళ్ళుగా దాని మీద కూర్చుని, ఊరి బావి అడిగాడు, బడి అడిగాడు, కొన్ని తెచ్చాడు, కొన్ని తేలేకపోయాడు. వంగి ఆ పీటను అరచేత్తో ఒకసారి తుడిచాడు. చెంబు అందుకోలేక ఆయాసపడే చెంగమ్మ గుర్తొచ్చింది.

"తెలుసు బాబూ" అన్నాడు. "అడగడానికే సెలవివ్వండి."

రాయబారి ఆసక్తిగా ముందుకు వంగాడు. ఆయన ముందు కాదనడం బాగుండదని రాయలవారు, "అడుగు" అన్నారు.

"సర్వ అంటే అంతా అని నరసన్న చెప్పాడు. ఆ అంతాలో నల్లేటి బల్లకట్టు ఉందా ప్రభూ? అది తమరిదా?"

రాయలవారికి అలవాటైన జవాబు నోట్లోనే ఉంది. అదే వచ్చేసింది. "ఎన్నిసార్లు చెప్పాలి? బల్లకట్టు మాది కాదు. చక్రవర్తి గారిది."

"చిత్తం. నరసన్నా, ఏలిక తన గురించి చెప్పిన మాట విన్నావు కదా. నీ కట్టు ప్రకారం చదువు."

నరసన్న రాయలవారి వైపు చూశాడు, రాయబారి వైపు చూశాడు, పైకప్పు వైపు చూశాడు. తాతల నాటి కట్టు. గొంతెత్తాడు.

"పొదలసీమా సర్వభార ధురంధర! బల్లకట్టు మినహా!"

మండపం స్తంభాలు మారుమోగాయి. ఎక్కడో ఒకరికి పొరపోయింది.

వెనక వరస నుంచి ముసలిమడుగు తరఫు మనిషి తిరుమలమ్మ లేచింది. నాలుగేళ్ళుగా తన ఊరి బడి కప్పు గురించి అడుగుతున్న మనిషి. "మా బడి కప్పు కూడా తమరిది కాదన్నారు ప్రభూ. అదీ చేర్చమంటారా? ఉన్నదున్నట్టు చదవాలి కదా మరి."

"బడి కప్పు మినహా!" అన్నాడు నరసన్న, మంచి ఊపులో.

"మా వాగు దారి!" "మా ఊరి వైద్యుడు!" "మా చెరువు తూము!"

"వాగు దారి మినహా! వైద్యుడు మినహా! తూము మినహా!" నరసన్న గొంతులో ఒక్కొక్కటీ రణరంగ భైరవలాగే దర్జాగా పలుకుతోంది.

రాయబారి గొడుగు గలీబు తీసి, విప్పి, చువ్వలు తడిమి చూశాడు. "రాయలవారూ, ఇది సర్వభారం మోసేవారికని చేయించిన గొడుగు. ఈ మినహాలన్నీ పోగా ఎన్ని చువ్వలు ఊడదీయమంటారు? కంసాలి నా వెంటే ఉన్నాడు."

రాయలవారి ముఖం దొండపండులా అయింది. లేచి నిలబడ్డారు.

"చాలు! ఆపు నరసన్నా! ఎవరన్నారు మాది కాదని? రేవు మాది! ఏరు మాది! బల్లకట్టు మాదే!"

ఆ మాట కోసమే సింగప్ప కాచుకుని ఉన్నాడు. "విన్నావా నరసన్నా? చేర్చు."

"పొదలసీమా సర్వభార ధురంధర! నల్లేటి బల్లకట్టు స్వామీ!"

సభ చప్పట్లతో దద్దరిల్లింది. ఉద్దండయ్య పరుగున వచ్చి రాయలవారి చెవిలో ఏదో ఊదాడు. రాయలవారు గొంతు సవరించుకున్నారు.

"బల్లకట్టు... త్వరలో వస్తుంది."

"చిత్తం ప్రభూ" అన్నాడు సింగప్ప వినయంగా. "అయితే, త్వరలో బల్లకట్టు స్వామీ అని చదవమంటారా? ఊరేగింపులో కొంచెం పొడుగవుతుందేమో గానీ, పిల్లలకు బాగా నోరు తిరుగుతుంది. దోసకాయ పప్పంత తేలిగ్గా."

రాయలవారు సింగప్పను కోపంగా చూశారు. చూస్తూ ఉండగానే ఆ పెదవి కొస అదిరింది. మీసం కదిలింది. ఇక ఆపుకోలేక సింహాసనం మీద కూలబడి పొట్ట పట్టుకుని నవ్వారు. ఆయన నవ్వితే రాయబారి నవ్వాడు. రాయబారి నవ్వితే ఉద్దండయ్య కూడా తప్పక నవ్వాడు.

"ముసలాడా, నా బిరుదుతోనే నన్ను కట్టేశావు కదయ్యా!" అని కళ్ళు తుడుచుకున్నారు. "మంత్రీ, రేపే అడవికి మనుషుల్ని పంపు. మృగశిర కార్తె వాన రేవులో పడేలోపు బల్లకట్టు అక్కడ ఉండాలి. మోకు లాగే మనిషిని కూడా మనమే పెట్టాలి. బడి కప్పు, వాగు దారి, మిగతావి దీపావళిలోపు. లేకపోతే వీళ్ళు నన్ను మినహాల రాయుణ్ణి చేసేస్తారు."

అని తన భుజం మీది పట్టు ఉత్తరీయం తీసి సింగప్పకు స్వయంగా కప్పారు. చేతి కడియం ఊడదీసి తొడిగారు. గొడుగు పూర్తి చువ్వలతోనే రాయలవారికి దక్కింది. మొదటిసారి దాని కింద నడిచేటప్పుడు, అద్దం ముందు నేర్చిన నడక మరిచిపోయి మామూలుగానే నడిచారు.

సభ ముగిసే ముందు రాయలవారు సింగప్పను దగ్గరికి పిలిచారు. గొంతు తగ్గించి, "నువ్వు లేకపోతే ఈ సభకు ఉప్పుండదు. నీ పీట నీకే ఉంచాలని ఉంది. కానీ సింగప్పా, ఆ షరతు మాత్రం నిజంగానే మాది కాదు. చక్రవర్తి గారిది" అన్నారు.

"ఈసారి నమ్ముతాను ప్రభూ" అన్నాడు సింగప్ప.

మృగశిర తొలి వానకు బల్లకట్టు రేవులో తడిసింది. శ్రావణంలో నల్లేరు రెండు గట్లూ ఒరుసుకుంటూ పారుతున్న పూట చెంగమ్మ దాని మీద కూర్చుని ఇవతలికి వచ్చింది. ఆ సాయంత్రమే వైద్యశాలలో ఆడపిల్లను కన్నది. తల్లీబిడ్డా క్షేమం.

ఆ ఏడాది నుంచి అడ్డరేవు పీట మీద ఓబులు కూర్చున్నాడు. సింగప్ప బతికినన్నాళ్ళూ ఆ సభలో మళ్ళీ నోరు విప్పే హక్కు లేకుండానే బతికాడు.