రాజవైద్యుడి నాలుక

అడవిలో తేనె తీసి బతికే ఈదమ్మ ఒళ్లు మండిపోతూ రాజసభకు వచ్చింది. ముందురోజు ఆమె మొగుడు కోటకు తేనె తెస్తే, రాజవైద్యుడు భావనాచార్యులు ఒక చుక్క నాలుక మీద వేసుకుని, బెల్లం పాకం కలిపారన్నాడు. తేనె కుండలు తన ఇంటికి పంపించుకుని, అతణ్ణి కొరడాలతో కొట్టించి చెరసాలలో వేయించాడు.

"నా నాలుక ఇంతవరకూ తప్పు చెప్పలేదు ప్రభూ. ఈ అడవిమనిషి మాట నమ్ముతారా?" అన్నాడు వైద్యుడు.

ఈదమ్మ కోపం దిగమింగుకుని, కొంగులోంచి నాలుగు ఆకులు తీసింది. "అయ్యకు అన్ని మూలికలూ తెలుసు కదా దొరా. ఇదేం ఆకో నమిలి చెప్పమనండి."

వైద్యుడు బాగా నమిలి ఉమ్మేశాడు. "ఏదో పిచ్చి ఆకు. ఎందుకూ పనికిరాదు."

"అయితే దొరా, ఇప్పుడు మీ ఇంటి తేనె రుచి చూడమనండి."

రాజుగారి పూజగదిలోంచి తేనె తెచ్చారు. వైద్యుడు నాకి మొహం చిట్లించాడు. "ఇందులో తీపే లేదు. పచ్చి మోసం."

రాజు తానూ రుచి చూశాడు. తియ్యగా ఉంది. "ఆచార్యా, మా పూజ కోసం మీరే రుచి చూసి మేలైనదన్న తేనె ఇది," అన్నాడు.

"ఆ ఆకు పొడపత్రి దొరా," అంది ఈదమ్మ. "నమిలితే కాసేపు నాలుకకు తీపి తెలియదు. మా గూడెంలో పిల్లలకు కూడా ఆ సంగతి తెలుసు. ఒక్క ఆకుకు ఓడిపోయే నాలుకను నమ్మి మనిషిని కొట్టించారు."

రాజు తలదించుకున్నాడు. ఆమె మొగుణ్ణి విడిపించి, కుండలు తిరిగి ఇప్పించాడు. వైద్యుడు గాభరాపడుతూ, "నా నాలుక ఎప్పటికి బాగవుతుంది?" అని అడిగాడు.

"రెండు గడియల్లో బాగవుతుంది," అంది ఈదమ్మ. "నా మొగుడి వీపు ఎన్నాళ్లకు మానుతుందో మీరు చెప్పండి. వైద్యులు కదా."