రెండు ముళ్లూ ఒకేసారి

దాదాపీర్ కొండమీది దర్గాలో పికప్ బండి తోలేవాడు. బండికి జబ్బు చేస్తే మందు వేసేదీ అతనే. పనిమంతుడే గానీ ముక్కు మీద కోపం. ఒక పొద్దున బట్టల సంచి భుజాన వేసుకుని గురువు హుస్సేన్ షా బాబా ముందు నిలబడ్డాడు.

"నేను పోతాండా బాబా. వంట చేసే ఖాసింబీ అన్నం పెడుతుంది గానీ మాట్లాడదు. నీళ్లు తెచ్చే లాలూసాబ్ మొగం తిప్పుకుంటాడు. ఆఖరికి ముల్లా సాబ్ కూడా పలకడు. ఈ నెల్లో ముగ్గురూ చెడిపోయినారు."

ఆ దర్గా తప్ప అతనికి వేరే దిక్కు లేదు. అయినా కోపం కోపమే.

బాబా వద్దనలేదు. "బస్టాండు దాకా నేనూ వస్తా. బండి నేను వెనక్కి తెచ్చుకుంటాలే" అన్నారు.

ఘాటు రోడ్డు సగం దిగేసరికి స్టీరింగు పక్కనున్న రెండు మీటర్ల ముళ్లూ సున్నాకు పడిపోయాయి. ఒకటి ఆయిల్ ప్రెషర్‌ది, ఇంకొకటి ఇంజను వేడిది. దాదాపీర్ వెంటనే బ్రేకు తొక్కాడు. బండి పక్కన ఆపి బానెట్ ఎత్తాడు. ఆయిల్ సరిగ్గానే ఉంది. రేడియేటరూ నడిచిన బండికి ఉండాల్సినంత వేడిగానే ఉంది.

"ఇంజను బాగుంది బాబా. మీటర్లే తప్పు చెప్తాండాయి."

"రెండూ ఒకేసారి చెడిపోయినాయా?"

"అట్లెందుకు చెడతాయి? రెండూ ఒకేసారి పడినాయంటే దోషం వాటిది కాదు. రెండింటినీ బండి రేకుకు కలిపే ఎర్త్ వైరు ఒకటే. అది పట్టు తప్పింటుంది."

డ్యాష్‌బోర్డు కింద తల దూర్చాడు. అనుకున్నదే. ఎర్త్ వైరును రేకు మీది రంగు గీకకుండానే బోల్టు వేసి బిగించారు. రంగు మీద బిగిస్తే కరెంటు సరిగా అందదు, వదులైతే అదీ ఉండదు. "ఏ తలమాసినోడు..." అనబోయి ఆగిపోయాడు. పోయిన నెల ఆ మీటర్లు బిగించింది తనే.

చాకుతో రంగు గీకి, వైరు గట్టిగా బిగించి ఇంజను స్టార్టు చేశాడు. రెండు ముళ్లూ లేచి నిలబడ్డాయి.

దాదాపీర్ వాటినే చూస్తూ కూర్చున్నాడు. కళ్లు చెమర్చాయి. బాబా చెయ్యి అందుకుని కళ్లకద్దుకున్నాడు. తర్వాత బండిని కొండవైపు తిప్పాడు.

"బస్సు తప్పిపోతుంది కదా" అన్నారు బాబా.

"పోనీలే బాబా. ఇన్నాళ్లూ నన్ను భరించినోళ్లు ముగ్గురుండారు. ముందు వాళ్లకు సలాం చెప్పాల."