పుల్లన్న వెనక మోగిన గంటలు

ఏటిగడ్డ అడవిని పన్నెండేళ్ళు ఏలిన కొమ్ములవాళ్ళ పక్షం ఈసారి ఎన్నికల్లో ఓడిపోయింది. గద్దె మీద కోరలవాళ్ళు ఎక్కి కూర్చున్నారు. కొమ్ములవాళ్ళకి ఇక మిగిలిందల్లా సభలో ప్రతిపక్ష నాయకుడి చోటు. దానికి ఇద్దరు పోటీ: ఇన్నాళ్ళూ ఏలిన పుల్లన్న ఎద్దు, కొత్తగా గెలిచొచ్చిన గేదె నీలమ్మ.

ఆ చోటు కూడా దక్కకపోతే తన బతుక్కి అర్థమేముందనిపించింది పుల్లన్నకి. ఎలాంటి రోజులవి! పొద్దున్నే ఆయన ఏటికి బయల్దేరితే పక్షమంతా వెనకే. మేకల గంటలు గబగబా, ఆవులవి తీరిగ్గా, మధ్యలో కుంటి పొట్టేలుది ఆగి ఆగి. ఒక గంటకీ ఇంకో గంటకీ పొంతన ఉండేది కాదు. "ఏం గోలర్రా బాబూ!" అని విసుక్కునేవాడు. ఇప్పుడా గోల కోసమే చెవులు రిక్కిస్తున్నాడు.

వాళ్ళ ఎన్నిక పద్ధతే వేరు. పోటీదారు రెల్లుదారిలో ఏటిదాకా నడవాలి, వెనక్కి చూడకూడదు. చూస్తే ఓడినట్టే. ఇష్టమున్నవాళ్ళు మెడలో గంటతో వెనక వెళ్తారు. ఎవరెళ్ళారో తెలిసి పగలు పెరగకుండా మిగతావాళ్ళు కొండవైపు తిరిగి నిలబడతారు. గట్టున కూర్చున్న చూపులేని తాబేలు తాత, గంటల చప్పుడు విని ఎందరో చెబుతాడు.

ముందురోజు గవర్రాజు వచ్చాడు. వాడో నక్క. కొమ్ముల్లేకపోయినా, అధికారం ఉందని అప్పట్లో ఈ పక్షంలో దూరాడు.

"పెద్దయ్యా, మీరు నిశ్చింతగా నడవండి. వెనకాల సంగతి నాకొదిలెయ్యండి."

"ఎంతమంది ఉన్నార్రా నాకు?"

"పంతొమ్మిదిలో పద్నాలుగు! నిన్నగాక మొన్నొచ్చిన నీలమ్మని అడిగేదెవరు? మీరు నెగ్గాక ఈ గవర్రాజుని మాత్రం పక్కన పెట్టుకోండి, చాలు."

గంటలు చిలుం పట్టాయి, తోమి తెచ్చిస్తానని చాలామందివి పట్టుకెళ్ళాడు కూడా. ఎంత బుద్ధిమంతుడో అని పుల్లన్న మురిసిపోయాడు.

మర్నాడు పొద్దున్న, పెద్దవాడని ముందు పుల్లన్ననే నడవమన్నారు. రెల్లులోకి రాగానే వెనక గల్లుమంది. ఒకటా రెండా!

"వచ్చార్రా నా వాళ్ళు!" అనుకున్నాడు. కళ్ళు చెమర్చాయి.

కొంత దూరం పోయాక ఏదో తేడా తోచింది. గంటలన్నీ ఒక్కసారే మోగుతున్నాయి. కుంటి పొట్టేలుకి ఇంత చక్కటి నడక ఎప్పుడొచ్చింది? పుల్లన్న ఆగాడు. గంటలన్నీ ఠక్కున ఆగాయి. అడుగేశాడు. అన్నీ కలిసి మోగాయి.

"పద్నాలుగు వినపడుతున్నాయయ్యా! గెలుపు నీదే, గట్టెక్కు!" అని తాబేలు తాత కేకేశాడు.

ఇంకో పదడుగులు. నడిచేస్తే నాయకుడు. పుల్లన్న ప్రాణం అటే లాగింది. కానీ ఆ వెనకున్నది తనవాళ్ళ నడక కాదు. ఉండబట్టలేక తల తిప్పాడు.

మెడ నుంచి తోకదాకా గంటలు వేలాడేసుకుని గవర్రాజు ఒక్కడే!

"అయ్యయ్యో, చూశారేంటి పెద్దయ్యా! చేతికందిన పదవి!"

"నా వాళ్ళేర్రా?"

"ఎవరొస్తారు మీ వెనక? అందుకేగా ఇంత బరువు మోశాను!"

ఆ మాట పుల్లన్నని పొడిచినట్టే తగిలింది. గట్టువైపు తిరిగి రంకె వేశాడు.

"తాతా! నేను వెనక్కి చూశాను, ఓడిపోయాను. ఈ గంటలన్నీ కట్టుకొచ్చింది గవర్రాజొక్కడే!"

నీలమ్మ వెనక నడిచేందుకు తమ గంటల కోసం కాచుకునున్న పక్షమంతా పరిగెత్తుకొచ్చింది. పారిపోదామంటే బరువుకి నక్క కాళ్ళాడలేదు. ఎవరి గంట వాళ్ళు లాక్కుని, తలో కుమ్మూ కుమ్మి వాణ్ణి ఏరు దాటించారు.

తర్వాత నీలమ్మ వంతు. పుల్లన్న ఓ గంట అడిగి మెడలో కట్టించుకుని ఆమె వెనక నిలబడ్డాడు.

"అదేంటి పెద్దయ్యా, మీరు నా వెనకా?" అంది నీలమ్మ కంగారుగా.

"నడువమ్మా. ముందున్నన్నాళ్ళూ మీరెవరూ నా కంటికి కనపడలేదు."

"వెనకుంటే మా తోకలే కనపడతాయి!" అంది ఓ మేక.

"అవి మాత్రం ఎప్పుడు చూశానే?" అని పుల్లన్న నవ్వబోయి కళ్ళు తుడుచుకున్నాడు.

చప్పుడు విని మురిసిపోయేవాడు కాదు, వెనక ఎవరున్నారో తిరిగి చూసుకునేవాడే నాయకుడు.