ఎర్ర స్టూలు మీద మేస్త్రి

ఓడలో ఒక్క పెట్టెకే చోటుంది. ఆ పెట్టెలో ఏం తెప్పించాలో తేల్చాల్సింది ఇందుమతి.

కారు కెప్టెన్ ఉమామహేశ్వర్ గారిది. ఆయన ఓడల మీద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. 1965లో అమెరికాలో తయారైన కారది. రెండే తలుపులు, మంచమంత బానెట్టు, దాని కింద ఎనిమిది సిలిండర్ల ఇంజను. మజిల్ కార్లంటారు ఇలాంటివాటిని. దాని సామాన్లు ఇక్కడ దొరకవు. సరుకు ఓడలో పనిచేసే కెప్టెన్ గారి స్నేహితుడొకాయన విశాఖ రేవుకి వస్తూ ఒక పెట్టె పట్టుకొస్తానన్నాడు. ఒకటే.

"ఏది ముందో నువ్వే చెప్పమ్మా" అన్నారు కెప్టెన్ గారు. "జనవరిలో పాత కార్లన్నీ కలిసి అరకు దాకా వెళ్లి వస్తాయి. మా ఆవిడా, మనవరాళ్లిద్దరూ కూడా నాతో వస్తారు."

ఇందుమతి తన గురువు వైపు చూసింది. గాజువాకలో, యారాడ కొండ దిగువన, ఖాదర్ వలీ మేస్త్రి షెడ్డంటే తెలియని డ్రైవరుండడు. ఆయన ఏదో ఇనప ముక్కని ఆకురాయితో అరగదీస్తున్నాడు. తల ఎత్తలేదు.

"ఈ కారు దానిదేనండీ. మంచైనా చెడైనా దాని మాటే" అన్నాడు.

ఇందుమతి గుండె ఒక్కసారి పొంగింది. ఇంజనీరింగ్ చదివి, బాయిలర్ సూటు తొడుక్కుని ఈ షెడ్డుకొచ్చి మూడేళ్లయింది. మూడేళ్లుగా ఇంకొకరి కార్ల కిందే దూరింది. పూర్తిగా తన మాట మీద బయటికి వెళ్లే మొదటి కారు ఇదే.

ఆ సాయంత్రం టీ తాగుతూ చెప్పింది. "కార్బొరేటరు, క్యామ్ షాఫ్టు, పిస్టన్లు. అన్నీ ఇంజనుకే. పెట్టె నిండిపోతుంది."

"బ్రేకులో?" అన్నాడు మేస్త్రి.

"ఉన్నాయిగా."

"డ్రమ్ములు అప్పటివి. నాలుగు చక్రాలకీ ఆయిలు వెళ్లేది ఒకే దారిలో. ఎక్కడ తెగినా నాలుగూ పోతాయి. పార్కింగు బ్రేకు తీగ అసలే లేదు."

కాలేజీ రోజుల్లో వాదన పోటీకి ఇందుమతి పేరు రాశారంటే అవతలి జట్టు సగం ఓడిపోయినట్టే. గ్లాసు పక్కన పెట్టింది.

"మేస్త్రీ గారూ, నేను ఒకటడుగుతాను. ఇప్పుడు ఆ కారు తొక్కితే ఆగుతోందా లేదా?"

"ఆగుతోంది."

"స్టార్టు చేస్తే పరిగెడుతోందా?"

"లేదు. దగ్గుతోంది."

"మరి? పనిచేసేదాన్ని మార్చాలా, పనిచెయ్యనిదాన్ని మార్చాలా? యాభై ఏళ్లు ఆగిన కారు రేపు మాత్రం ఎందుకు ఆగదు? అయినా ఆ కారుకి పేరొచ్చింది దేని వల్ల? ఆగినందుకా?"

మేస్త్రి గ్లాసు కడిగి బోర్లించి నమాజుకి వెళ్లిపోయాడు.

డెంటింగు పనిచేసే పైడయ్య పడీ పడీ నవ్వాడు. "అమ్మ గెలిసీసింది! మేస్త్రికి నోట మాటే లేదు!"

పెట్టె వచ్చింది. నాలుగు నెలలు ఇందుమతికి వేరే లోకం లేదు. గోళ్ల కింద గ్రీజు పోనే లేదు. ఇంజను మొదటిసారి సరిగ్గా అందుకున్న రోజు షెడ్డు రేకులన్నీ అదిరాయి. పక్క వీధిలో టైర్ల కొట్టువాళ్లు లేచి వచ్చారు. పైడయ్య చెవులు మూసుకుని, "ఏటమ్మా ఇది, కారా, విమానమా!" అని అరిచాడు. మేస్త్రి కూడా దగ్గరికొచ్చి బానెట్టు మీద చెయ్యి వేసి కాసేపు కళ్లు మూసుకున్నాడు.

"బాగా చేశావు" అన్నాడు. ఆయన నోట ఆ మాట మూడేళ్లలో రెండోసారి.

ఇక మిగిలింది మెరుగులు దిద్దడమే. ఇందుమతి కారు కిందికి దూరి అంతా కడిగింది, తుడిచింది. తుప్పు కనిపించిన ప్రతిచోటా గీకి, నల్ల రంగు కొట్టింది. చట్రం, రాడ్లు, చక్రాల దగ్గరి రబ్బరు గొట్టాలు, అన్నీ కొత్తవాటిలా నిగనిగలాడాయి. డ్రమ్ములు విప్పి బిగించింది, బ్రేకు ఆయిలు మార్చింది. షెడ్డు ముందు చదును నేల మీద మెల్లగా నడిపి తొక్కి చూసింది. ఆగింది.

ఆ షెడ్డులో కాగితాలుండవు. ఏ పని పూర్తయినా చేసినవాళ్లు కారు ముందద్దం మీద సుద్దతో రాయాలి. ఇందుమతి రాసింది: "ఇంజను ఓకే. బ్రేకు ఓకే. ఇందు."

ఆ షెడ్డుకి ఇంకో ఆచారం కూడా ఉంది. షెడ్డు పక్క నుంచి కింది రోడ్డుకి ఒక సిమెంటు వాలు దిగుతుంది. రెండు వైపులా రాతి గోడలు. పాత గేరు చక్రానికి మూడు కాళ్లు అతికించి చేసిన ఎర్ర రంగు స్టూలొకటి ఆ వాలు అడుగున ఉంటుంది. ఎవరు బ్రేకు పని చేస్తే వాళ్లు కారుకి వీపు పెట్టి దాని మీద కూర్చోవాలి. ఇంకొకరు పైనుంచి కారు తెచ్చి ఆపాలి. ఇందుమతి కూడా ఎన్నోసార్లు కూర్చుంది. కూర్చున్న ప్రతిసారీ గొణిగింది.

ఈసారి మాత్రం కుదరదంది. "ఇది పరీక్ష కాదు మేస్త్రీ గారూ, నాటకం. చదును నేల మీద చూశాను, చాలు. ఇంత రంగేసి పాలిషు పెట్టిన కారుని ఆ గోడల మధ్యకి తీసుకెళ్లి గీతలు పడనివ్వను."

"సరే" అన్నాడు మేస్త్రి.

అంత తేలిగ్గా ఒప్పుకుంటాడని ఆమె అనుకోలేదు.

ఆదివారం యాత్ర. గురువారం పొద్దున్న ఇందుమతి షెడ్డుకొచ్చేసరికి మేస్త్రి వాలు మీద అడుగులు వేస్తున్నాడు. పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. షుగరు తగ్గడానికి డాక్టరు నడవమన్నాడేమోననుకుని, నవ్వుకుంటూ లోపలికి అడుగుపెట్టింది.

అక్కడే కొయ్యబారిపోయింది.

ఇంజను గొలుసులకి వేలాడుతోంది. ఆమె నాలుగు నెలల ఇంజను. నేలకి నాలుగడుగుల ఎత్తున, ఏ తీగా ఏ గొట్టమూ లేకుండా, మెల్లగా అటూ ఇటూ తిరుగుతోంది. కారు షెడ్డు బయట వాలు నెత్తిన ఉంది, చక్రానికి రాయి అడ్డం పెట్టి. బానెట్టు తీసి గోడకి ఆనించారు. లోపలంతా ఖాళీ.

పైడయ్య వైపు తిరిగింది.

"ఎవరు తీశారు?"

పైడయ్య గోడ వైపు చూశాడు.

"నేనే తీయించాను" అన్నాడు మేస్త్రి, చేతులు తుడుచుకుంటూ. "జాగ్రత్తగానే తీశాంలే. ఒక్క గీత పడలేదు."

"ఎందుకు? ఎల్లుండి సాయంత్రం కారు ఇవ్వాలి! ఏం లోపముందని తీశారు? చెప్పండి! ఒక్క లోపం చూపించండి!"

"లోపం లేదు. ఇవాళ దానితో పనిలేదు, అంతే. నువ్వు లోపల కూర్చో."

"ఇంజను లేని కారులో కూర్చుని ఏం చెయ్యను? బొమ్మలాగా?"

"నడుపు."

ఇందుమతి నవ్వింది. కోపంతో వచ్చిన నవ్వు. "ఇంజను లేకుండా కారు ఎక్కడికి పరిగెడుతుంది మేస్త్రీ గారూ?"

మేస్త్రి టీ గ్లాసు పట్టుకుని వాలు దిగి వెళ్లాడు. అడుగునున్న ఎర్ర స్టూలు దుమ్ము దులిపాడు. దాని మీద కారుకి వీపు పెట్టి కూర్చున్నాడు.

ఇందుమతి వాలు అంచు దాకా పరిగెత్తింది.

"అక్కడ కూర్చోవాల్సింది నేను!" అని అరిచింది. "బ్రేకు చేసింది నేను. ఆచారం మీరే పెట్టారుగా!"

ఆయన వెనక్కి తిరగకుండానే అన్నాడు. "ఓకే అని నువ్వు రాశావు. ఆ రాత నమ్మినవాణ్ణి నేను. ఆదివారం కారులో కూర్చునేది కూడా నమ్మినవాళ్లేగా."

"మీరు లేవండి ముందు!"

"నీ బ్రేకు ఓకేనా, కాదా?"

ఇలాంటి ప్రశ్నలు వెయ్యడం ఆమెకి బాగా తెలుసు. అవునంటే కారులో కూర్చోవాలి, కాదంటే రాసింది చెరపాలి. మూడో దారి ఉండదు. అద్దం మీద తన రాత వంక చూసుకుంది.

"ఓకేనే" అంది.

తలుపు తీసి కూర్చుని స్టీరింగు పట్టుకుంది. వెనకెక్కడో పైడయ్య ఏదో సర్దుతున్న చప్పుడు.

"తీసెయ్యనా అమ్మా?"

"తియ్యి."

రాయి పక్కకి జరిగింది.

కారు చప్పుడే చెయ్యలేదు. అది ఆమె ఊహించలేదు. ఇన్నాళ్లూ చప్పుడంటేనే వేగమనుకుంది. ముందు నడకలా కదిలింది. తరవాత పరుగులా. గోడల రాళ్లు ఒక్కొక్కటిగా కనబడడం మానేసి ఒకే చారగా కలిసిపోయాయి. ఇంజను బరువు లేని ముందుభాగం పడవలా ఊగుతోంది. ఎదురుగా తెల్ల చొక్కా, నెరిసిన జుట్టు, పైకి లేచిన టీ గ్లాసు.

సగం దూరంలో బ్రేకు తొక్కింది. కారు కొంచెం తగ్గింది. హమ్మయ్య అనుకుని గట్టిగా తొక్కింది.

ఫట్‌మని ఏదో పగిలింది. పెడలు నేలకి తగిలింది.

మళ్లీ తొక్కింది. మళ్లీ నేలే. కాలు కింద ఏమీ లేదు. ఎడమ కాలు దానంతటదే పార్కింగు బ్రేకు పెడలు కోసం వెతికింది, దానికి తీగే లేదని, పెట్టెలో చోటు లేక తరవాత చూద్దామనుకున్నానని అప్పుడు గుర్తొచ్చింది. హారను నొక్కింది. బ్యాటరీ లేదు. తిప్పుదామంటే రెండు వైపులా గోడలు.

"మేస్త్రీ గారూ! లేవండి! లేవండీ!"

ఆయన లేవలేదు. వెనక్కి కూడా చూడలేదు.

ఆమె కళ్లు మూసుకుంది.

వెనకనుంచి ఎవరో పట్టి లాగినట్టు కారు సాగి, సాగి, ఒక్క కుదుపుతో నిలబడింది. ఆమె ఛాతీ స్టీరింగుకి కొట్టుకుంది. ఈ కారుకి సీటు బెల్టు లేదు. అది కూడా పెట్టెలో పట్టలేదు.

చాలాసేపు ఏమీ వినబడలేదు. తరవాత టీ జుర్రిన చప్పుడు.

ఆమె తలుపు తీసింది. తలుపు పట్టుకుని కిందికి దిగింది. కారు మూతికీ స్టూలుకీ మధ్య రెండు మూరల దూరముంది. మేస్త్రి గ్లాసులో అడుగు గుక్క తాగుతున్నాడు.

వెనక్కి చూసింది. వెనక ఇరుసుకి మోకు కట్టి ఉంది. రేవులో ఓడల్ని కట్టే మోకు, మోచేయంత లావు. వాలు పొడుగునా బిగుసుకుని పైకి వెళ్లి, ఇంజను వేలాడే ఇనప స్తంభానికి చుట్టుకుని ఉంది. దాని పక్కన పైడయ్య, రెండు చేతులూ నెత్తిన పెట్టుకుని.

పొద్దున మేస్త్రి వేసిన అడుగులు గుర్తొచ్చాయి.

సిమెంటు మీద సగం దూరం నుంచి తడి గీత ఒకటి కారు వెంట వచ్చింది. ఆమె కుడి చక్రం వెనక్కి వంగి చెయ్యి పెట్టింది. రబ్బరు గొట్టం చీలి ఆయిలు కారుతోంది. ఆమె కొట్టిన నల్ల రంగు పొరలాగా ఊడి వేళ్లకి అంటుకుంది. దాని కింద రబ్బరు ముసలి ఏనుగు చర్మంలా పగిలిపోయి ఉంది. ఆ పగుళ్లు ఆమె చూసే రంగేసింది. తుప్పుతో పాటు అవీ పోయాయనుకుంది.

చదును నేల మీద మెల్లగా తొక్కితే ఆగిన కారు. ఇంజను బరువు లేకుండానే ఇలా వచ్చిన కారు.

ఇద్దరు మనవరాళ్లు వెనక సీట్లో.

ఇందుమతి ముందుకొచ్చి, అద్దం మీద సుద్ద రాతని మోచేత్తో తుడిచింది. మొత్తం తుడిచింది. ఫోను తీసింది.

"కెప్టెన్ గారూ, ఆదివారానికి కారు రాదండీ."

"అదేంటమ్మా! ఇంజను మొరాయించిందా?"

"లేదండీ. ఇంజను బ్రహ్మాండంగా ఉంది. నాదే తప్పు. ముందు రావాల్సిన బ్రేకు సామాన్లని వెనక్కి నెట్టాను. ఇంకో పెట్టె కావాలి."

"మళ్లీ ఓడంటే ఏప్రిల్లో గానీ రాదు. ఈ ఏడు యాత్ర పోయినట్టే."

"పోయినట్టేనండీ."

"మా పిల్లలకి ఏం చెప్పమంటావు?"

"నేనే వచ్చి చెప్తానండీ."

ఫోను పెట్టేసి మేస్త్రి ముందు నేల మీద కూలబడింది. వాదించడానికి ఒక్క మాట కూడా మిగల్లేదు. ఒక్క ప్రశ్న మాత్రం ఉంది.

"మేస్త్రీ గారూ."

"ఊఁ."

"గొట్టం పగులుతుందని మీకు ముందే తెలుసు కదూ?"

మేస్త్రి ఖాళీ గ్లాసు ఆమె చేతికిచ్చి, మోకాళ్ల మీద చేతులాన్చి స్టూలు మీంచి మెల్లగా లేచాడు.

"తెలీదమ్మా" అన్నాడు. "తెలీదు కాబట్టే మోకు కట్టాను."