నూటికి ఒక కుండ

గుండ్లకమ్మ ఒడ్డున ఆశ్రమం కట్టుకుని ఉన్న శివబోధయ్య గురువుగారికి ఒక అలవాటు. ఎవరైనా కోపంగా వచ్చి ప్రశ్న అడిగితే జవాబు చెప్పేవారు కాదు, ఏదో ఒక పని పురమాయించేవారు. కోపంలో ఉన్నవాడికి చెవులు పనిచేయవు, చేతులు మాత్రం రెట్టింపు పనిచేస్తాయి అనేవారు నవ్వుతూ. ఆ నవ్వు వెనక ఏముందో పని పూర్తయితే తప్ప తెలిసేది కాదు.

ఆ ఏడు ఉగాదికి నాలుగు రోజుల ముందు శేషఫణి అలాంటి కోపంతోనే వచ్చాడు. విజయవాడలో అతనిదొక యాప్. పేరు సగటు. అంకెల పట్టిక అందులో పెడితే చాలు, సగటులు కట్టి, తేడాలు చూపి, గ్రాఫులు గీసి చేతిలో పెడుతుంది. పరీక్షలకు చదివే పిల్లల దగ్గర్నుంచి పల్లె ఆసుపత్రుల్లో నర్సమ్మల దాకా అందరూ వాడుతున్నారు. మొదటి ఏడు మూడు వేల మంది. ఇప్పుడు నాలుగు లక్షలు. రాబోయే ఏడాదికి ఇరవై లక్షలు అని ఆఫీసు గోడ మీద తాటికాయంత అక్షరాలతో రాసిపెట్టుకున్నాడు. ఏప్రిల్ ఒకటిన దాని కొత్త వెర్షన్ విడుదల. అంతా సిద్ధంగా ఉంది. హైమవతి ఒక్కతే ఒప్పుకోవడం లేదు.

హైమవతి మొదటి రోజు నుంచీ అతనితో ఉన్న మనిషి. కాలేజీలో గణాంకశాస్త్రం చెప్పే ఉద్యోగం వదిలేసి వచ్చింది. ఏ మార్పైనా ఆమె పరీక్షించి సరే అన్నాకే జనంలోకి వెళ్లాలని ఇద్దరూ కలిసి పెట్టుకున్న నియమం. ఇప్పుడు ఆమె సరే అనడం లేదు. కొత్త వెర్షన్ ఒక్కోసారి పట్టికలో ఖాళీగా ఉన్న గడిని సున్నా అనుకుని లెక్క కట్టేస్తోందట. తూకం వేయని పసిబిడ్డ సున్నా కిలోల బిడ్డ అయిపోతున్నాడట. అది సరిచేయడానికి మూడు నెలలు కావాలంది. ఎన్ని లెక్కల్లో ఒకసారి అలా అవుతోందని శేషఫణి అడిగాడు. నూటికి ఒకటి అని చెప్పింది. ఆ మాటతో అతని ఒళ్లు మండిపోయింది. నూటికి తొంభై తొమ్మిది సరిగ్గా ఉన్నదాన్ని ఆపే మనిషి స్నేహితురాలా, శత్రువా? ఆమెను తొలగిస్తూ రాసిన ఉత్తరం అతని ఫోన్‌లో ఉంది. వేలు ఆనిస్తే వెళ్లిపోతుంది.

వేలు ఆనించే ముందు గురువుగారి మాట ఒకటి అనుకున్నాడు. వచ్చి కాళ్లకు దణ్ణం పెట్టి, ఉన్నదంతా ఏకరువు పెట్టి చివరకు ఇలా అడిగాడు.

"ఇంత దూరం వచ్చాక నా కాళ్లకు అడ్డంపడే మనిషిని ఏం చేయమంటారు గురువుగారూ?"

గురువుగారు అంతా విని, రేపు మా గురుదేవుల ఆరాధన, పాలు పోయించుకునే పని నువ్వు చూడు నాయనా అన్నారు. అంతే.

ఆ ఆరాధనకు చుట్టుపక్కల నాలుగూళ్ల నుంచి ఇంటికో కుండ పాలు వస్తాయి. అన్నీ ఒకే గంగాళంలో పోసి, పాదపూజ అయ్యాక పొయ్యి రాజేసి, పరవాన్నం వండుతారు. అది నోట్లో పడేదాకా పిల్లా పెద్దా ఎవరూ ఎంగిలి పడరు. ఏ ఇంటి పాలు ఏవో తెలియకుండా కలిసిపోవాలన్నది ఆ మహనీయుడు పెట్టిన ఆచారం. తలుచుకుంటే కళ్లు చెమ్మగిల్లుతాయి.

తెల్లవారేసరికి వాకిట్లో వరస గేటు దాటింది. వరస ముందు రోశమ్మ కూర్చుని ఉంది. ఇరవై ఏళ్లుగా ఆ పని ఆమెదే. ఎదురుగా చిన్న నిప్పుల కుంపటి. వచ్చిన ప్రతి కుండలోంచీ ఒక గరిటెడు పాలు తీసి, కుంపటి మీద కాచి, విరగలేదని చూశాకే గంగాళంలో పోయిస్తోంది. విరిగితే, ఆ మనిషి చెవిలో ఏదో చెప్పి నవ్వించి, కుండ మీద మూతపెట్టి పంపేస్తుంది. వెనకున్నవాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు. కానీ ఒక్కో గరిటె కాగడానికి పట్టే సేపు పడుతుంది కదా. వరస కదలడం లేదు. ఎండ పైకొస్తోంది. చంకలో కుండలతో జనం సణుగుతున్నారు. ఎవరో ఒకాయన, ఈ లెక్కన పరవాన్నం వచ్చే ఏడు ఉగాదికే అన్నాడు.

శేషఫణికి ఆ కుంపటి ముందు హైమవతి కూర్చున్నట్టే కనిపించింది. పోయినేడు ఎన్ని కుండలు తిప్పి పంపావమ్మా అని అడిగాడు. ఒకటి అంది రోశమ్మ, తల ఎత్తకుండా. ఎన్నింటిలో అంటే, నూరు దాటినయ్యి అంది. అతను వరస వైపు తిరిగి గట్టిగా నవ్వాడు. ఒక్క కుండ కోసం నాలుగూళ్లను ఎండలో నిలబెడతావా అన్నాడు. వరసలో పదిమంది వంత పాడారు.

రోశమ్మ అప్పుడు తల ఎత్తింది.

"ఆ ఒక్కటి ఏదో ముందే చెప్పు సామీ. మిగతాయి నేను చూడను."

అతనికి తల తిరిగిపోయేంత కోపం వచ్చింది. కుంపటిని కాలితో పక్కకు జరిపాడు. నేరుగా గంగాళంలో పోసేయండని వరసకు చెప్పాడు. రోశమ్మ లేచి, గరిటెను గోడకేసి విసిరికొట్టి, చెంగు దులుపుకుని వెళ్లిపోయింది. అరగంటలో వాకిలి ఖాళీ అయింది. జనం అతన్ని మెచ్చుకున్నారు. గంగాళం నిండుగా, తెల్లగా, పున్నమినాటి చెరువులా ఉంది. శేషఫణి దాన్ని ఫోటో తీసుకున్నాడు. ఆశ్రమం మెట్టు మీద కూర్చుని, పూజ కాగానే ఉత్తరం పంపేద్దామని నిర్ణయించుకున్నాడు. నెలరోజుల్లో అంత హాయి అతనికి ఎన్నడూ కలగలేదు.

పూజ అయ్యేసరికి పదకొండు దాటింది. పొయ్యి రాజేశారు. పాలు పొంగే వేళకు పొంగలేదు. గంగాళం నడుమ ఒక గడ్డ తేలింది. దాని పక్కన ఇంకోటి. చూస్తుండగానే పాలన్నీ పచ్చటి నీళ్లూ తెల్లటి ముక్కలూ అయిపోయాయి. వంట యజ్ఞయ్య తెడ్డు కింద పడేసి, ఇన్నేళ్లలో ఈ గడప ఇలాంటిది చూడలేదని నెత్తి కొట్టుకున్నాడు. గిన్నెడు పాలు తోడుకోవడానికి చెంచాడు పెరుగు చాలదా, పులిసిన కుండొకటి పొద్దుటి నుంచీ అందులో పడి ఉందిరా నాయనా అని అరిచాడు.

ఆ తర్వాత జరిగింది చెప్పడానికే సిగ్గుగా ఉంది. పొద్దుట ఒకే గంగాళంలో పాలు పోసిన చేతులు మధ్యాహ్నానికి ఒకరి మీదికొకరు లేచాయి. మీ ఊరి పాలంటే మీ ఊరి పాలన్నారు. మీ గేదె ఈనిందెప్పుడు, నువ్వు పాలు పితికిందెప్పుడు అన్నారు. అందరి నోళ్లూ తిరిగి తిరిగి చివరకు ఆదెమ్మ దగ్గర ఆగాయి. చివరి వీధిలో ఒంటి మేకతో బతికే ముసలావిడ ఆమె. కుండ లేక చెంబుతో తెచ్చింది. ఆ చెంబు ఎవరు పోయమన్నారని ఒకడు అంటే, దాని మొహం చూస్తే తెలియడం లేదా అని ఇంకొకడు అన్నాడు. పొద్దుట శేషఫణిని మెచ్చుకున్నవాళ్లే ఆ ఇద్దరూ.

ఆదెమ్మ గుంపును తోసుకుంటూ నేరుగా శేషఫణి ముందుకు వచ్చింది. ఖాళీ చెంబును అతని ముఖం ముందు పెట్టింది.

"నా పాలు మంచియ్యని చెప్పే మనిషి ఒక్కతుండె. దాన్ని నువ్వే పంపేస్తివి. ఇప్పుడు ఎవర్నడగను?"

ఆమె చెంబు మంచిదని అతను చెప్పలేడు. చెడ్డదనీ చెప్పలేడు. నాలుగు లక్షల మందికి లెక్కలు చెప్పే మనిషి ఒక చెంబు గురించి ఏమీ చెప్పలేక నిలబడ్డాడు. ఆ చెడిన కుండ ఎవరిదో ఈనాటికీ ఎవరికీ తెలియదు.

జనం విడిపోయి దారి ఇచ్చారు. గురువుగారు వచ్చి గంగాళంలోకి చూశారు. ఆయన ముఖాన ఎప్పుడూ ఉండే నవ్వు లేదు. ఆకలితో ఏడుస్తున్న పిల్లలను చూశారు, ఆదెమ్మను చూశారు. కింద పడున్న తెడ్డు తీసి శేషఫణి చేతికిచ్చారు.

"నూటికి ఒక్కటేగా నాయనా చెడింది. ఆ ఒక్కటీ తీసి పక్కన పెట్టి, మిగతాది వడ్డించు."

శేషఫణి తెడ్డు పట్టుకుని గంగాళం ముందుకు నడిచాడు. ఇంతలో అతని జేబులో ఫోన్ మోగింది. తీసి చూసుకుని, ఎత్తకుండా అరచేతిలోనే పెట్టుకున్నాడు.

ఎవరని అడిగారు గురువుగారు. హైమవతి అన్నాడు.

"ఎత్తు. ఆ అమ్మాయి చేతిలో గరిటె ఇంకా ఉందో, విసిరేసిందో అడుగు."